తాకితే తగ్గే అంకె

ఆ గదిలో మిట్టమధ్యాహ్నం కూడా చీకటే. కావాలని చేసుకున్న చీకటి. కిటికీలకు మందపాటి తెరలు, పసివాడి కళ్ళకు గంతలు, చెవులకు దూది. వెలుతురు పడినా, చప్పుడైనా, వేలు తగిలినా చాలు, వాడి ఊపిరితిత్తుల్లో రక్తనాళాలు బిగుసుకుపోతాయి. అందుకే నర్సమ్మ పొద్దస్తమానం "తాకొద్దు, తాకొద్దు" అంటూనే ఉంటుంది. తోటివాళ్ళు ఆవిడకి తాకొద్దక్క అని పేరే పెట్టేశారు. పెడితే పెట్టారు, ఆవిడ పట్టించుకోదు.

వాడు ఆ తెల్లవారుజామునే పుట్టాడు. కాన్పులో నెత్తురు ఆగక, తల్లి పొద్దెక్కేలోపే పోయింది. కొడుకుని ఒక్కసారైనా ముట్టుకోలేదు.

వాడి అమ్మమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఏడుపు కూడా రావట్లేదు పాపం, మొహం కొయ్యబారిపోయింది.

"ఒక్కసారి చెయ్యి వేస్తానమ్మా. మా పిల్ల బదులు."

"వద్దు పెద్దమ్మా. కడుపులో ఉన్నన్నాళ్ళూ ఊపిరితిత్తుల్లో నాళాలు బిగిసే ఉంటాయి. పుట్టి గాలి పీల్చగానే తెరుచుకోవాలి. వీడికి ఆక్సిజన్ చాల్లేదు, అవి తెరుచుకోలేదు. అవి తెరుచుకోక ఆక్సిజన్ ఇంకా తగ్గుతోంది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఇప్పుడు మన చెయ్యి కూడా ఎందుకు?"

"ముట్టుకోకపోతే బతుకుతాడా?"

ఆ గదిలో ఎవరూ ముట్టుకోకుండానే పోయిన పసివాళ్ళ సంగతి నర్సమ్మ చెప్పలేదు. "కొందరు బతికారు."

ముసలామె వెళ్ళి బయట బల్ల మీద కూలబడింది.

తలుపు మూసి వచ్చేసరికి మానిటర్‌లో ఆక్సిజన్ అంకె పడిపోతోంది. తొంభై నుంచి ఎనభై. నోట్లో ఊపిరి గొట్టం ఊడలేదు. యంత్రం మామూలుగానే గాలి కొడుతోంది. స్పిరిట్ వాసన మధ్య ఎక్కడినుంచో పచ్చినెత్తురు వాసన...

ఆవిడ వంగి చూసింది. పసివాడి ఛాతీ మీద ఒక తెల్లటి మచ్చ. వేలితో నొక్కితే చర్మం పాలిపోతుంది చూడండి, అలాంటిది. పక్కనే ఇంకోటి... ఇంకోటి... నాలుగు, వరసగా.

నొక్కుతున్న వేళ్ళు మాత్రం లేవు.

డెబ్బై. అరవై.

భయానికి ఆవిడ గుండె ఆగిపోవాల్సిందే. కానీ రాత్రి డ్యూటీ చేసి, బదులు మనిషి రాక పగలూ ఉండిపోయిన ఒంట్లో భయపడటానికి కూడా ఓపిక లేదు.

"అమ్మా," అంది గొంతు తగ్గించి. "నువ్వేనని తెలుసు. చెయ్యి తియ్యి తల్లీ. వాడి ప్రాణం మీదికొస్తోంది."

మచ్చలు ఇంకాస్త తెల్లబడ్డాయి.

"తియ్యమ్మా... ఉండబట్టలేకపోతే నన్ను పట్టుకో. ఇదిగో, నా చెయ్యి పట్టుకో."

మెల్లగా... చాలా మెల్లగా... ఛాతీ ఎర్రబడింది. ఆవిడ కుడి మణికట్టు చల్లబడింది. అంకె ఎనభైకి ఎక్కింది. తర్వాత తొంభై దాటింది.

చిన్న డాక్టరు వచ్చి చూసి, "హమ్మయ్య, గట్టెక్కాడు! ఏం మంత్రం వేశారక్కా?" అన్నాడు.

"మంత్రమేం లేదు డాక్టర్‌గారూ. ఎవరూ తాకలేదు, అంతే."

చేతులు కడుక్కుందామని వెళ్ళి చొక్కా చేతులు పైకి లాక్కుంది. కుడి మణికట్టు మీద నాలుగు తెల్లటి వేళ్ళ గుర్తులు. ఎంత రుద్దినా ఎరుపు రాలేదు. చెయ్యి తిమ్మిరెక్కి తనది కానట్టుంది. సరేలే, మాటిచ్చాం కదా, ఉండనీ అనుకుంది.

అప్పుడు ఎడమ చెయ్యి చూసుకుంది.

మణికట్టు నుంచి మోచేతి దాకా గుర్తులే. అగ్గిపుల్లంత సన్నటి వేళ్ళవి. ఇక్కడొక గుప్పెడు, అక్కడొక గుప్పెడు... ఆవిడ చూస్తుండగానే మోచేతి పైన ఇంకో గుప్పెడు తేలింది.

గదిలో ఉన్నది ఆ ఒక్క పసివాడే.