పందిరిలోకి కొత్త మనిషి

"మీ అక్క ప్రాణం ఇప్పుడు నీ చేతిలో ఉంది," అన్నాడు చీఫ్, తలుపు గడియ వేస్తూ.

బొంగరం కూర్చోలేదు. ఒకచోట కుదురుగా ఉండడనే డిపార్టుమెంటు అతనికా పేరు పెట్టింది. అతని పని తుపాకీతో కాదు. ఏజెంట్లందరూ కలిసి వాడే ‘పందిరి’ అనే సాఫ్ట్‌వేర్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళకి దారి చూపే స్క్రీన్లు డిజైన్ చేస్తాడు. పందిరి మ్యాప్ మీద ప్రతి ఏజెంటూ ఒక ఎర్ర చుక్క. ఈ ఉదయం అందులో ఒక చుక్క అతని అక్క. శత్రు ముఠా గుట్టంతా పట్టుకుని ఆమె సరిహద్దు వంతెన వైపు వస్తోంది.

"పందిరిలో చేరడానికి మిత్రదేశం పంపిన మేడమ్ గెస్ట్ రూమ్‌లో ఉంది. డబుల్ ఏజెంట్. ఇప్పుడే కన్ఫర్మ్ అయింది. లాగిన్ అయితే మీ అక్క కనిపిస్తుంది."

"అరెస్ట్ చేయండి సార్."

"ఆమె నుంచి కబురు రాకపోతే ముఠా వంతెనలన్నీ మూసేస్తుంది. అక్క దాటేదాకా నమ్మించాలి. నీ కోడ్‌వర్డ్ ‘వాన తగ్గింది’. అది వినగానే లోపలికొస్తాం."

బొంగరం గదిలో రెండు చుట్లు తిరిగాడు.

"కొత్త యూజర్లకి నేర్పడానికి నమూనా మ్యాప్ ఒకటుంది సార్. అచ్చం అసలుదాని లాగే. అందులో చుక్క పాత చేపల మార్కెట్‌కి పోతుంది. అది చూపిస్తా. ఒక్కటే తంటా. ‘ఇది నమూనా మాత్రమే’ అని దాని మీద నేనే రాశాను. తీయాలంటే సర్వర్ ఆపాలి. ఆపితే అక్కకి దారి కనబడదు."

"చదివిందంటే?"

బొంగరం అప్పటికే తలుపు గడియ తీస్తున్నాడు.

ట్రైనర్ వేషంలో, చెవిలో శనగగింజంత రేడియోతో గెస్ట్ రూమ్‌లోకి వెళ్ళాడు. నల్ల పట్టు కోటులో మేడమ్ సినిమా పోస్టర్‌లా వెలిగిపోతోంది.

"త్వరగా కానివ్వండి. ఇలాంటివి బోలెడు చూశాను."

ఎర్రగోళ్ళ వేలు ‘తర్వాత’, ‘తర్వాత’ అని నొక్కుకుంటూ పోయింది. మ్యాప్ తెరుచుకుంది. నట్టనడుమ పసుప్పచ్చ డబ్బాలో ఆ వాక్యం. వేలు ఆగిపోయింది.

అమ్మ పోయాక బొంగరాన్ని పెంచింది అక్కే.

మేడమ్ ముందుకు వంగింది. "ఏమిటిది, అడ్డంగా?"

"సూచన మేడమ్."

"ఎలా మూయాలి?"

"ఆ మూలన... ఇంటూ గుర్తు."

మూసేసింది. చుక్క కనబడగానే ఆమె కళ్ళు మెరిశాయి. చేతి ఉంగరాన్ని మెల్లిగా తిప్పింది. ట్రాన్స్‌మిటర్.

చెవిలో చీఫ్ గొంతు: "ముఠా చేపల మార్కెట్‌కి పరుగెడుతోంది. అక్క వంతెనెక్కింది."

తెర మీద చుక్క మార్కెట్ చేరింది. చేరి, నమూనా కదా, టక్కున మళ్ళీ మొదటికొచ్చింది.

మేడమ్ కనుబొమలు ముడిపడ్డాయి. "ఇదెందుకు వెనక్కి పోయింది?" చెయ్యి ఉంగరం మీదికి వెళ్ళింది.

"దాటేసింది," అంది చెవిలో గొంతు.

"వాన తగ్గింది మేడమ్," అన్నాడు బొంగరం. తలుపులు భళ్ళున తెరుచుకున్నాయి.

బేడీలు వేస్తుంటే ఆ పసుప్పచ్చ డబ్బా మళ్ళీ తెరిచి చూపించాడు. ఆమె చదివి, తెల్లబోయింది.

"అవన్నీ ఎవరు చదువుతారయ్యా?"

బొంగరానికి నిజంగానే మనసు చివుక్కుమంది.

"ఆ ఒక్క వాక్యం ఎలా రాయాలని మా టీమంతా ఆర్నెల్లు కొట్టుకున్నాం మేడమ్."