సైలస్ ఓడమ్ వంతు

మధ్యాహ్నం మూడింటికి ఫిలడెల్ఫియాలో నేలమాళిగ క్లబ్బంటే పాచి బీరు వాసన తప్ప ఏమీ ఉండదు. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. మంచు పేరుకుని పైకిటికీ మూసుకుపోయింది. పియానో మీద ఒక్క బల్బు. అమోస్ టార్వర్ తన బేస్‌కి తీగలు బిగించుకుంటున్నాడు, మనిషంత ఎత్తు ఆ వాయిద్యం. డెబ్బై రెండేళ్ళొచ్చినా శృతి వెంట్రుకవాసి తప్పితే ఒప్పుకునే రకం కాదు.

పియానో ముందు మనవరాలు వెర్లీన్. రేపు పదింటికి ఆ పిల్ల మొదటి రికార్డింగు. కంపెనీ మనిషి మొన్న విని ఒకటే మాటన్నాడు. "సైలస్ ఓడమ్‌లా వాయించేవాళ్ళు వీధికి పదిమందున్నారమ్మా. నీదంటూ ఉంటే పట్టుకురా. లేదంటే రావద్దు."

అందులో అబద్ధం లేదు. ఓడమ్ పోయి పందొమ్మిదేళ్ళు. ఇవాళ్టికీ జాజ్ వాయించే ప్రతి చేతిలోనూ వాడే. చర్చిలో చప్పట్ల దరువుని పియానో ఎడమచేతిలోకి దింపింది వాడు. జనం ఆ జాజ్ బాణీకి హార్డ్ బాప్ అని పేరు పెట్టకముందే దాన్ని నడిపించింది వాడు. బాకా ఊదేవాళ్ళు సైతం వాడు ఆగినచోటే ఊపిరి తీసుకుంటారు. ఇదంతా అమోస్ ఒప్పుకుంటాడు. క్షమించడం మాత్రం లేదు. ఇద్దరూ కలిసి రికార్డులు చేసిన రోజుల్లో, ఇదే క్లబ్బులో, అందరి ముందూ, "అమోస్ బదులు గోడకో మేకు కొట్టండి, లయ నిలబడుతుంది" అన్నాడు వాడు. అమోస్ వాడి శవాన్ని చూడ్డానికి కూడా వెళ్ళలేదు.

"ఆపు. మళ్ళీ వాడే దూరాడు నీ ఎడమచేతిలోకి."

"నన్నేం చెయ్యమంటావ్ తాతా? పుట్టినప్పట్నించీ చెవిలో ఆయనే. నువ్వు తిట్టేటప్పుడు కూడా ఆయన లయలోనే తిడతావ్."

"నోర్ముయ్."

నాలుగేసి ఆవర్తాలు వంతులేసుకుని వాయించడం వీళ్ళ అలవాటు. నీవి నాలుగు, నావి నాలుగు. ఒకరి వంతులో ఇంకొకరు వేలుపెట్టరు. అమోస్‌కి ఉపాయం తట్టింది అక్కడే.

"వాడికీ ఓ వంతు పడేద్దాం. నా నాలుగు, వాడి నాలుగు, నీ నాలుగు. వాడిది ఖాళీ. తనకంటూ చోటుంటే నీ చోట్లోకి రాడు."

"పోయినాయనకి వంతేంటి తాతా…"

"పోయాడు గనకే ఇస్తున్నా. బతికుంటే ఇచ్చేవాణ్ణా?"

అమోస్ తన నాలుగూ వాయించి ఆగాడు. కాలు మాత్రం నేలమీద లెక్క కొడుతోంది. నాలుగు ఖాళీ ఆవర్తాలు. గోడలోంచి ఆవిరి గొట్టం చిటపట. తర్వాత వెర్లీన్ అందుకుంది.

కొత్తగా ఉంది. ఎవరిదీ కాదు, పిల్లదే. ముసలాయన కాలి లెక్క ఆపకుండానే అరిచాడు. "అదీ! అదే రేపు పట్టుకెళ్ళు!"

రెండో చుట్టు. ఖాళీ వంతులో ఎక్కడో బల్ల కిర్రుమంది. ఓడమ్ తలకి రాసుకునే కొవ్వు నూనె వాసన వచ్చింది. వెర్లీన్ ఇంకా బాగా వాయించింది.

మూడో చుట్టు. ఖాళీ వంతు. వెర్లీన్ చేతులు ఒళ్ళో ఉన్నాయి. పియానో మీటలు వాటంతటవే దిగుతున్నాయి… లేస్తున్నాయి… చప్పుడు లేదు.

ఆగుదామనుకున్నాడు అమోస్. లయ తప్పాడని మళ్ళీ అనిపించుకోవాలా? ఆగలేదు.

నాలుగో చుట్టు. తన నాలుగూ అయ్యాయి. ఖాళీ వంతులో పియానో పలికింది. చప్పట్ల దరువు. వాయిస్తున్నవి వెర్లీన్ చేతులే. తర్వాత ఆ పిల్ల వంతు వచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వాయించవే," అన్నాడు గుసగుసగా. "నీ వంతే."

"నాకు వంతు లేదు తాతా."

అమోస్ బేస్‌ని కింద పడేశాడు. యాభై ఏళ్ళలో ఎప్పుడూ పడెయ్యలేదు. పిల్ల రెక్క పట్టుకుని మెట్లెక్కించి, వీధి దాటించి, ఎదురుగా క్లీటస్ మంగలి షాపులోకి తోశాడు. లోపల వెచ్చగా ఉంది. కాఫీ మరుగుతోంది.

"ఏంటి అమోసూ, దెయ్యాన్ని చూశావా?" అని నవ్వాడు క్లీటస్. "నీకిష్టం లేదని తెలుసుగానీ, ఓడమ్ రికార్డే తిరుగుతోంది. తిట్టకు."

అమోస్ విన్నాడు. తన బేస్. డ్రమ్ము. తర్వాత ఓడమ్ నాలుగు ఆవర్తాలు రావాలి.

రాలేదు. బేస్ ఒక్కటే నడుస్తోంది. పియానో లేదు.

క్లీటస్ కత్తెర ఆపాడు. "ఇక్కడ… ఉండాలిగా? ఊరంతా నేర్చుకుంది ఈ ముక్కే కదా?" ముల్లు ఎత్తి వెనక్కి పెట్టాడు.

ఈసారి ఎనిమిది ఆవర్తాలు పోయాయి.

మళ్ళీ పెట్టబోతే అమోస్ వాడి మణికట్టు పట్టుకున్నాడు. తిరిగి చూస్తే షాపులో వెర్లీన్ లేదు. తలుపు తీసుంది. కిటికీ అద్దంలోంచి కనిపిస్తోంది… వీధి దాటి, క్లబ్బు మెట్ల వైపు, మంచులో నింపాదిగా.

ఆ పిల్ల వెనక కొత్తగా పడ్డ అడుగుల జాడలు రెండు జతలున్నాయి. రెండూ క్లబ్బు వైపు వెళ్ళేవే.