ఒక్క పూట కూడా మానొద్దు

"ఇవ్వను," అంది ఆ అమ్మాయి.

ఏసుబాబు తలెత్తి చూశాడు. మందుల షాపులో డబ్బులు బల్ల మీద పెట్టాక కూడా ఇవ్వనన్న మనిషిని సత్తెనపల్లిలో అతనింతవరకూ చూడలేదు.

"వాంతుల మాత్రలమ్మా నేనడిగింది. విషం కాదు."

"ఎవరికి?"

"మా అమ్మకి."

"ఆవిడ వేరే మందులేమైనా వాడుతున్నారా?"

"వణుకుడు జబ్బుకి వాడుతుంది. పార్కిన్సన్స్. మూడేళ్ళయింది. అవతల చేల్లో మిరపకాయల ముఠా నాకోసం చూస్తా ఉంది. ఇస్తావా, ఇవ్వవా?"

"పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి ఈ మాత్ర పడదండీ. వణుకు, బిగుతు ఇంకా ఎక్కువవుతాయి."

"పోయిన నెల వేరే షాపులో అడగ్గానే ఇచ్చారు."

"అది వేసుకున్నాక ఆవిడ ఎలా ఉన్నారు?"

ఏసుబాబుకి అప్పుడు గుర్తొచ్చింది. పోయిన నెల ఆ మాత్రలు వేసుకున్నాక అమ్మ రెండు రోజులు మంచం దిగలేకపోయింది. జబ్బు ముదిరిందనుకున్నాడు కానీ, మాత్ర వల్ల అని అతనికి తట్టనే లేదు.

ఆ అమ్మాయి చెయ్యి చాపింది. "మందుల చీటీ ఇలా ఇవ్వండి." దాని మీదున్న గుంటూరు డాక్టర్ గారి నంబరుకి అక్కడికక్కడే ఫోన్ చేసింది. ఆయన చెప్పిన వేరే వాంతుల మాత్ర, చీటీలోని పార్కిన్సన్స్ మాత్రలు తీసి కవర్లో వేసింది. కవర్ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తూ, అతను చదవలేడేమో అన్నట్టు పైకి చెప్పింది కూడా.

"పార్కిన్సన్స్ మాత్ర అన్నానికి అరగంట ముందు. పప్పు, గుడ్డు, పాలతో కలిపి వేసుకుంటే సరిగ్గా పనిచెయ్యదు. ఖాళీ కడుపుతో వికారంగా ఉంటే ఒక బిస్కెట్ తినమనండి. రోజూ ఒకే టైముకి వెయ్యాలి. ఒక్క పూట కూడా మానొద్దు. తగ్గించాలన్నా ఆపాలన్నా డాక్టర్ గారే చెప్పాలి. ఉన్నట్టుండి ఆపేస్తే ప్రాణం మీదికొస్తుంది."

"నేను డిగ్రీ చదివానండీ," అన్నాడు ఏసుబాబు కొంచెం రోషంగా.

"అయితే ఇంకా మంచిది. మీ అమ్మగారికి చదివి వినిపించండి."

తెల్లకోటు మీద పేరుంది. జాస్మిన్, ఫార్మసిస్ట్. ఆ పేరు అతను దారి పొడుగునా మనసులో అనుకుంటూ వెళ్ళాడు. ముందు కోపంగానే. ఊరు దగ్గర పడేసరికి ఆ కోపం ఎక్కడో జారిపోయింది.

* * *

ఇంట్లో ఉన్నది ఇద్దరే, అతనూ అమ్మా. అమ్మ పేరు ఆదెమ్మ. ఒకప్పుడు ముప్ఫైమంది ఆడవాళ్ళ ముఠాకి మేస్త్రి. తెల్లారేసరికి చేలో దిగి, మధ్యాహ్నానికి అందరికంటే రెండు బుట్టలు ఎక్కువ కోసే మనిషి. ఇప్పుడు రవిక గుండీ పెట్టుకోవాలంటే పది నిమిషాలు పడుతుంది. మాత్ర పనిచేస్తున్నంతసేపూ మాత్రం పాత ఆదెమ్మే. కేకలేస్తుంది, కూర వండుతుంది, కొడుకు పెళ్ళి మాట ఎత్తుతుంది.

అమ్మ మందుల కోసం నెలకోసారి వెళ్ళాల్సిన షాపుకి ఏసుబాబు వారానికి రెండుసార్లు వెళ్ళసాగాడు. ఓసారి దూది, ఓసారి దగ్గు బిళ్ళలు, మూడుసార్లు ఓఆర్ఎస్ ప్యాకెట్లు.

"మీ ఇంట్లో అందరికీ విరేచనాలా?" అడిగింది జాస్మిన్ మూడోసారి.

"అబ్బే! ఎండలు కదండీ. ముఠా వాళ్ళకి."

"మంచి రైతే." తల వంచుకుని బిల్లు కొట్టింది. కానీ నవ్వు దాగలేదు. అతని చూపు ఆ నవ్వు మీద ఉండిపోయింది. వెనకాల నిలబడ్డ పెద్దాయన గొంతు సవరించుకుంటే గానీ పక్కకి జరగలేదు.

మార్చి అలా గడిచింది. ఏప్రిల్ మొదట్లో ఒకరోజు వెళ్ళేసరికి జాస్మిన్ లేదు. ఓనరు కూర్చుని ఉన్నాడు.

"ఇవాళ సెలవు పెట్టిందయ్యా. పొదిలి నుంచి పెళ్ళిచూపులకి వచ్చారు. కుర్రాడు బ్యాంకు. దాదాపు ఖాయమైనట్టే."

ఏసుబాబు ఏమీ కొనకుండానే బయటికొచ్చాడు. బ్యాంకు ఉద్యోగి ఎక్కడ, కౌలుకి రెండెకరాల మిరప వేసిన తనెక్కడ? ఆ రోజు నుంచి ఆ వీధి వైపు వెళ్ళలేదు. కల్లంలో కాయలు ఆరబోసి, అక్కడే తిని, అక్కడే పడుకున్నాడు.

"అమ్మా, మాత్రలున్నాయా?" అని ఫోన్లో అడిగితే, "ఉన్నాయిలేరా, నీ పని చూసుకో," అనేది ఆదెమ్మ.

ఒక బుధవారం పొద్దున షాపు నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"ఏసుబాబు గారూ, నేను జాస్మిన్‌ని. మీ అమ్మగారి మాత్రలు అయిపోయి నాలుగు రోజులు దాటి ఉండాలి. మీరు రాలేదు."

ఆ గొంతు వినగానే అప్పటికప్పుడే షాపుకి వెళ్ళాలనిపించింది. ఆ వెంటనే పొదిలి గుర్తొచ్చింది.

"వేరే షాపులో కొన్నాం లెండి," అన్నాడు.

"సరే. అందితే చాలు," అని పెట్టేసింది.

అబద్ధం అంత తేలిగ్గా నోట్లోంచి వచ్చినందుకు అతనికే ఆశ్చర్యమేసింది. సాయంత్రం ఇంటికెళ్ళి చూద్దామనుకున్నాడు. కానీ లారీ వస్తుందన్నారు, వెళ్ళలేదు.

* * *

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి నరసరావుపేట వైపు ఆకాశం నల్లబడింది. కల్లం నిండా మిరపకాయలు. ఏసుబాబు, పక్క కల్లం కోటి కాయల మీదికి పట్టాలు లాగుతుండగా ఫోన్ మోగింది. పక్కింటి సామ్రాజ్యం పిన్ని.

"ఒరేయ్ ఏసూ, మీ అమ్మ కొయ్యలాగా బిగుసుకుపోయిందిరా! ఒళ్ళు కాలిపోతాంది. ఏందేందో మాట్లాడతాంది. రా!"

బండి మీద ఎలా వచ్చాడో అతనికి తెలియదు. ఆదెమ్మ మంచంలో ఉంది. కాళ్ళు వంగడం లేదు. చెమటతో చీర తడిసిపోయింది. కొడుకుని చూసి, "ముఠా రాలేదా, కోతకి ఆలస్యమైంది," అంటోంది. రెండు రోజుల కిందట కాళ్ళు పట్టేస్తున్నాయని ఫోన్లో చెప్పింది. ఎండకేమోలే అన్నాడు తను.

ఊళ్ళో వైద్యం చేసే ఆయన అప్పటికే సూది పట్టుకుని ఉన్నాడు. "వడదెబ్బ. పొద్దున్నించీ వాంతులంట. అవి ఆగడానికి ముందు ఇది చేస్తా."

"ఆగండి!" ఏసుబాబు గట్టిగానే అరిచాడు. "అది వణుకుడు జబ్బు వాళ్ళకి చెయ్యొచ్చా?"

ఆయన సూది దించి, మందు సీసా తిప్పి చూశాడు. "నాకు తెలీదు బాబూ."

ఏసుబాబు షాపుకి ఫోన్ చేశాడు. రెండో రింగుకే జాస్మిన్ ఎత్తింది. అతను గడగడా చెప్పాడు.

"జ్వరం, బిగుసుకుపోవడం, మాట తడబడటం... ఏసుబాబు గారూ, చివరి మాత్ర ఎప్పుడేశారు?"

"తెలీదండీ."

"వేరే షాపులో ఎన్ని కొన్నారు?"

"కొనలేదు. మీతో అబద్ధం చెప్పాను."

తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"వినండి. ఇది మాత్ర ఆగిపోవడం వల్ల కావచ్చు. చాలా ప్రమాదం. ఆ ఇంజెక్షన్ వద్దని చెప్పండి. 108కి చెయ్యండి. తడిబట్టతో ఒళ్ళు తుడవండి, నోట్లో ఏమీ పొయ్యకండి, గొంతుకి అడ్డం పడుతుంది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, పాత చీటీలన్నీ తీసుకురండి. నేను గుంటూరు డాక్టర్ గారికి చెప్తాను. షాపు ముందు రోడ్డు మీద ఉంటా."

అలమారా అంతా కలబెట్టాడు. బట్టల అడుగున ఒక హార్లిక్స్ సీసా దొరికింది. దాని నిండా రేకుల్లోంచి ఒలిచిన మాత్రలు. అమ్మ మాత్రలు మింగడం లేదు, దాచిపెడుతోంది!

అంబులెన్స్ కదిలేసరికి చినుకులు మొదలయ్యాయి. కోటి ఫోన్లో అరుస్తున్నాడు. "కాయల సంగతి నాకొదిలెయ్ రా! ఎంత కప్పగలిగితే అంత కప్పుతా. నువ్వు పెద్దమ్మని చూసుకో!"

సత్తెనపల్లి రోడ్డు మీద జాస్మిన్ వానలో నిలబడి ఉంది. తెల్లకోటు ఇంకా ఒంటి మీదే ఉంది. ఎక్కి ఆదెమ్మ పక్కన కూర్చుని నాడి పట్టుకుంది. గుంటూరు దాకా ఏసుబాబు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

* * *

ఆసుపత్రిలో ఆదెమ్మ చేతులు విదిలిస్తూ సెలైన్ సూది లాగెయ్యబోయింది. కుర్ర డ్యూటీ డాక్టరు, "మత్తు ఇంజెక్షన్ రెడీ చెయ్యండి," అన్నాడు.

"సార్," జాస్మిన్ ముందుకొచ్చింది. "పార్కిన్సన్స్ పేషెంట్. కొన్ని రోజులుగా మాత్రలు ఆపేశారు. మీరిచ్చే మందు ఈవిడకి పడుతుందో లేదో ఒక్కసారి చూడండి. చీటీలు ఇవిగో."

ఆయన చీటీ చదివి, సిస్టర్ చేతిలోని ట్రే వెనక్కి పంపించాడు. "మంచి పని చేశారమ్మా. ఇది చేసి ఉంటే ఇంకా బిగుసుకుపోయేది." ముక్కులోంచి గొట్టం వేసి, ఆగిపోయిన మందు మళ్ళీ మొదలుపెట్టారు. ఒళ్ళు చల్లబరిచే ఏర్పాట్లు చేశారు. ఇరవై నాలుగు గంటలు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారు.

వరండా బల్ల మీద ఇద్దరూ కూర్చున్నారు. బయట వాన కొడుతూనే ఉంది. ఆ వాన కింద తన పంట ఏమవుతుందో అన్న ఆలోచన ఏసుబాబుకి ఒక్కసారి వచ్చి పోయింది.

"ఎందుకు అబద్ధం చెప్పారు?" అడిగింది జాస్మిన్, ఎదురుగా ఉన్న గోడని చూస్తూ.

"పొదిలి సంబంధం ఖాయమైందని విన్నాను."

"అయితే?"

"మీ షాపుకి రాబుద్ధి కాలేదు. మీ గొంతు వింటే..." ఆగిపోయాడు. "మీరంటే నాకిష్టం. అది చెప్పే ధైర్యం లేక రోషం తెచ్చుకున్నా."

జాస్మిన్ గిర్రున తిరిగింది. కళ్ళనిండా నీళ్ళు, మొహం నిండా కోపం. "నా మీద రోషం ఉంటే నన్ను తిట్టండి! మీ అమ్మ మాత్రల విషయంలో అబద్ధమా? ఆ రోజు నిజం చెప్పుంటే సాయంత్రానికి మీ ఇంటికొచ్చేదాన్ని నేను!"

"తప్పయింది."

"ఆ సంబంధం నేను వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో ఇప్పుడు మాత్రం చెప్పను. ఆవిడ కళ్ళు తెరవాలి ముందు."

మొహం తుడుచుకుని, తల వంచి, ప్రార్థన చెయ్యసాగింది. అతనూ కళ్ళు మూసుకున్నాడు కానీ, అమ్మా అన్న ఒక్క మాట తప్ప ఇంకేమీ రాలేదు.

* * *

ఆదివారం పొద్దునకి జ్వరం దిగింది. జాస్మిన్ మళ్ళీ వచ్చేసరికి ఆదెమ్మ కళ్ళు తెరిచి, దిండుకి ఆనుకుని, కొడుకుని నిలదీస్తోంది.

"కాయలు తడిశాయా?"

"పావు వంతు పోయాయి. మిగతావి కోటి కాపాడాడు. అది సరే, నువ్వు మాత్రలెందుకు దాచావమ్మా?"

ఆదెమ్మ తల తిప్పేసుకుంది. "ఆ మాత్రలు కొన్నేళ్ళే పనిచేస్తాయంటగా. తర్వాత ఎన్ని మింగినా చెయ్యవంట. చర్చిలో ఎవరో అన్నారు. ఇప్పుడే వాడేస్తే నీ పెళ్ళినాటికి నాకేం మిగులుద్దిరా? ఆ రోజు నేను నా కాళ్ళ మీద నడిచి రావద్దా? మధ్యాహ్నం మాత్ర మానేశా. బాగానే ఉన్నానని సోమవారం నుంచి అన్నీ మానేశా."

జాస్మిన్ మంచం అంచున కూర్చుంది.

"అట్లా కాదండీ పెద్దమ్మా. మందు దాస్తే ఆ బలం మిగిలిపోదు. జబ్బు పెరిగేకొద్దీ డాక్టర్ గారు మోతాదు, టైము మారుస్తారు, వేరే మందు కలుపుతారు. మీరు మానేస్తే పెళ్ళిదాకా కాదు, వారం కూడా ఉండేవాళ్ళు కాదు."

"నిజమా?"

"నిజం. అనుమానం వస్తే నన్నడగండి. ఎవరో అన్నారని మానొద్దు."

ఆదెమ్మ ఆ అమ్మాయిని పైనుంచి కిందకి చూసింది. తర్వాత కొడుకుని చూసింది. అతను కిటికీలోంచి ఆకాశం కేసి చూస్తున్నాడు. ముప్ఫైమందిని పని చేయించిన మేస్త్రికి అంతకంటే చెప్పక్కర్లేదు.

"ఏరా, ఈ పిల్లేనా?"

"అమ్మా!"

"అరవమాక. నాకు చెవులు బాగానే ఉన్నాయి. అడిగావా?"

"ఇష్టమని చెప్పాను. అడగలేదు."

"మరి నేను చూస్తుండగానే అడుగు."

ఏసుబాబు తిరిగాడు. "జాస్మిన్ గారూ, నాకు బ్యాంకు ఉద్యోగం లేదు. కౌలు చేనుంది, ఈ అమ్మ ఉంది. మీతో ఇంకెప్పుడూ అబద్ధం చెప్పను. నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

జాస్మిన్ లేచింది. ఫోన్ తీసి, నంబరు నొక్కి, అతని చేతిలో పెట్టింది. "మా నాన్న. జోసఫ్ మాస్టారు. ఆయనతో చెప్పండి."

ఏసుబాబు ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. "వందనాలండీ మాస్టారూ. నా పేరు ఏసుబాబు. మీ అమ్మాయి గురించి..."

"ఆ, నువ్వేనా బాబూ?" అన్నాడు అవతల పెద్దాయన. "పొదిలి వాళ్ళని పంపించేసిన రోజే నీ పేరు చెప్పింది. ఇన్నాళ్ళా ఫోన్ చెయ్యడానికి? మీ అమ్మగారు ఎలా ఉన్నారు, ముందు ఆ మాట చెప్పు."