పంతొమ్మిది నంబరు సాకెట్

పగటిపూట ఆ షెడ్డులో భయపడదగ్గది ఏదైనా ఉందంటే అది పిడుగు మేస్త్రీ నోరే. మొండికేసిన లారీని తాడు కట్టి లాక్కొస్తే, ఆయన ఇంకా పానా చేతబట్టకముందే, ఆ గొంతు వినపడి ఇంజన్ దానంతటదే స్టార్టయిన రోజులున్నాయి. నమ్మనివాళ్ళు నమ్మకపోయినా లారీకొచ్చే నష్టమేమీ లేదు.

ఆ మధ్యాహ్నం మాత్రం ఆయన కోపం లారీ మీద కాదు, సొంత బావమరిది మీద. భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు. షెడ్డులో వెల్డింగ్ పనంతా అతనిదే. నట్లు విప్పే గొట్టాల్లాంటి సాకెట్లన్నీ పెట్టెలో కుప్పగా పడి ఉంటున్నాయని గోడకి ఇనప పట్టీలతో రాక్ చేసి, ఒక్కో సాకెట్‌కి ఒక్కో క్లిప్పు బిగించింది కూడా అతనే. తీరా సర్దబోతే, కారు చక్రాలకి వాడే పంతొమ్మిది నంబరు సాకెట్ కనపడలేదు. మేస్త్రీ నోరు జారింది.

"దొంగవెధవా!"

"ఏమన్నావ్ బావా?"

"చెవుల్లో గ్రీజు పెట్టుకున్నావా? దొంగ అన్నాను."

బావమరిది చేతి గ్లౌజులు పీకి నేలకేసి కొట్టాడు. "సరే. ఉన్నవన్నీ రాక్‌కి ఎక్కించు. ఒక్క క్లిప్పు ఖాళీగా మిగిలినా నేను దొంగనే. అక్కకి మొహం కూడా చూపించకుండా అటునుంచటే పోతా. మిగలకపోతే?"

"మిగలకపోతే నీ కాళ్ళు పట్టుకుంటా. ముందు బయటికి నడువు! నువ్వు లోపలుంటే ఇంకోటి మాయమవుతుంది."

మేస్త్రీ షట్టర్ని దభీమని దించేశాడు.

కిటికీ లేని షెడ్డు. ఒకటే బల్బు. మాడిన ఆయిలు, తడి ఇనుము కలిసిన వాసన. మేస్త్రీ పళ్ళు నూరుతూ పని మొదలుపెట్టాడు. సాకెట్ వెనకున్న చదరపు బొక్కని క్లిప్పు మీద పెట్టి నొక్కితే ‘టక్’మని కూర్చుంటుంది; ఆరుపలకల నోరు ఇటు మనవైపు తెరుచుకుని ఉంటుంది. టక్. టక్. టక్కు టక్కుకీ ఒక తిట్టు.

సగంలో ఉండగా బల్బు ఆరిపోయింది.

"ఒరేయ్! కరెంటు పీకావా?"

"స్విచ్చులన్నీ లోపల నీ దగ్గరే ఉంటే నేనెలా పీకుతాను?" షట్టర్ అవతల్నుంచి బావమరిది గొంతు. "చీకట్లో భయమేస్తే చెప్పు బావా, పాట పాడతా."

భయమా! మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కింది. సాకెట్ మీద నంబరు చదివి సైజు చెప్పేవాడు మామూలు మెకానిక్కు. ఈయన దాని నోట్లో వేలు దూర్చి చెబుతాడు. ఏ వేలు ఏ కణుపు దగ్గర బిగిసిందో చూసుకుంటే చాలు, వెంట్రుకవాసి తేడా కూడా దొరికిపోతుంది. ఇలాంటి వేళ్ళు భూమ్మీద ఇంకెవరికీ లేవని ఆయనే అందరికీ చెప్పేవాడు.

చీకట్లోనే సర్దాడు. వేలు దూర్చడం, చోటు తడమడం, నొక్కడం. చూస్తుండగానే పెట్టె అడుగు చేతికి తగిలింది. రాక్ మీద చివరి క్లిప్పు దాకా అరచేత్తో తడిమాడు. అక్కడేమీ లేదు. బోడి క్లిప్పు.

"దొరికావురా దొంగా! ఖాళీ!"

టక్.

మేస్త్రీ చేతిలో ఏమీ లేదు. మరి ఆ చప్పుడు...?

మెల్లగా చెయ్యి చాపాడు. క్లిప్పు మీద సాకెట్ ఉంది. చల్లగా... తడిగా...

అలవాటు కొద్దీ కుడిచేతి చూపుడువేలు దూర్చాడు. పంతొమ్మిది. అనుమానం లేదు.

లోపల ఏదో తగిలింది.

మెత్తగా ఉంది. దాని మీద గరుకుగా... గోరు. ఎవరిదో వేలి కొన.

సాకెట్ వెనక ఇనప పట్టీ. పట్టీ వెనక ఇటుక గోడ. చీమ దూరే సందు లేదు. అయినా ఆ వేలు మేస్త్రీ వేలిని చుట్టూ నిదానంగా తడిమింది... సైజు చూస్తున్నట్టు.

వేలు వెనక్కి లాగాడు. రాలేదు.

"ఒరేయ్..." ఆయన గొంతు అంత సన్నగా పలకడం ఆ షెడ్డు గోడలు ఎన్నడూ వినలేదు. "దొరికిందిరా. నువ్వు దొంగవి కాదు. షట్టర్ ఎత్తు."

"ఇప్పుడు తెలిసిందా? అంత మాట అన్నాక? కాళ్ళు పట్టుకుంటానన్నావుగా!"

"పట్టుకుంటా... ముందు ఎత్తరా నాయనా. నా వేలు ఇరుక్కుంది."

షట్టర్ కిర్రుమంది. గోడ మీద సన్నటి వెలుగు పాకింది. మేస్త్రీ మెడ తిప్పేలోపే అది మళ్ళీ కిందికి జారింది.

"ఆటలా బావా?" ఇప్పుడు బావమరిది అరుస్తున్నాడు. "ఎత్తమనేదీ నువ్వే, లోపల్నుంచి కిందికి లాగేదీ నువ్వే! వదులు!"

"నేను రాక్ దగ్గరున్నానురా... ఈ మూల..."

"ఇంకా అబద్ధాలా! షట్టర్ అంచు పట్టుకున్న నీ వేళ్ళు నా కళ్ళ ముందే ఉంటే!"

బావమరిది ఆ వేళ్ళ దగ్గరికి వంగిన అలికిడి.

ఆ తర్వాత అతని గొంతే, చాలా మెల్లగా, పసివాడి గొంతులా...

"బావా... ఈ కుడిచేతికి చూపుడువేలు లేదేంటి?"