రామలింగం సావుకారి ఇంట్ల నవ్వు

జఫర్‌గఢ్ దాటినంక బస్సు రోడ్డు ఇడిచి లోపలికి పోతే ఒక చిన్న ఊరొస్తది. ఊరి మొదట్లనే రామలింగం సావుకారి ఇల్లు. పొద్దుగూకినంక ఆ ఇంటి ముంగటికెల్లి ఎవ్వరు నడువరు. బండి మీద పోయేటోళ్లు గూడ హారన్ కొట్టుకుంట, ఫోన్ల పాట పెట్టుకుంట జల్ది జల్ది దాటిపోతరు.

ఎందుకంటే... లోపట నవ్వుతరు.

ఒక్కరు గాదు. ఆడోళ్లు, మొగోళ్లు, ఒక మంద కూసోని పకపక నవ్వినట్టు. ఇల్లేమో తాళమేసి ఏండ్లాయె. నవ్వు ఆగినంక జరసేపు సప్పుడుండది. గప్పుడు ఒక ముసలి గొంతు —

“థూ!” అని ఉమ్ముతదట.

అది ఓదెమ్మ దయ్యమని ఊరంత అంటది. ఎనుకట బాణామతి, మంత్రాలు చేస్తదని పేరువడ్డ మనిషి. ఊరిడిచి పోయింది, యాడనో సచ్చింది, సచ్చి సావుకారి ఇంట్ల చేరింది — గిది ఊరి మాట. అన్నం తినని పిలగాండ్లకు ఇప్పటికీ ఓదెమ్మ పేరు చెప్పే తినిపిస్తరు.

నగేశ్‌కు గూడ చిన్నప్పుడు గట్లనే తినిపిచ్చిండ్రు. రాజమల్లు కొడుకు నగేశ్. ఇండ్లల్ల కరెంటు పని చేస్తడు, డిష్‌లు బిగిస్తడు. గీ ముచ్చట నాకు చెప్పింది అతనే. చెప్పినంతసేపు నా మొకం దిక్కు ఒక్కపారి గూడ చూడలే.

మొన్నటి వానకాలం. రామలింగం సావుకారి పోయి చాన ఏండ్లాయె, ఆయన భార్య వనమాలమ్మ గూడ నిరుడు జనగామల కాలం జేసింది. కొడుకు శ్రీనివాస్ హైదరాబాద్‌ల ఉంటడు. ఆయన నగేశ్‌కు ఫోన్ చేసిండు.

“తమ్మీ, ఇల్లు అమ్ముతున్నం. కొనేటోళ్లు పొద్దుగాల్ల వస్తరు. లోపట వైరింగ్ ఎట్లున్నదో జర చూసి చెప్పు. తాళంచెవి పక్క కిరాణం దుకాణంల ఇచ్చి పెట్టిన.”

నగేశ్ మహబూబాబాద్‌ల పని ఒడగొట్టుకొని వచ్చేసరికి చీకటైంది. ముసురు పడుతున్నది. తాళంచెవి ఇచ్చుకుంట దుకాణపాయన మెల్లగ అన్నడు — “పొద్దున పోరాదు?”

“పొద్దున వేరే పనున్నదన్నా” అని నగేశ్ నవ్విండు. నవ్విండు గని, తాళం తీసే ముందు ఒకపారి ఎనుకకు చూసిండట.

తలుపు కిర్రుమన్నది. ముంగటి అర్ర నిండ బూజు. ఫోన్ లైట్ ఏసిండు. మీటరు దిక్కు రెండడుగులు ఏసిండో లేదో...

నవ్వు.

పకపక... పకపక... లోపటి పెద్ద అర్రలకెల్లి.

నగేశ్‌కు ఉరుకుదామంటే ఉరకరాదు. ఎనుకకు తిరుగుదామంటే — తిరిగితే ఎనుకనే ఉంటదేమో! లోపటి తలుపు సందులకెల్లి నీలం ఎల్గు పడుతున్నది. పడుతున్నది... ఆరుతున్నది...

ఆ ఎల్గు అతనికి ఎరికే. దినాం చూసే ఎల్గే. టీవీ ఎల్గు.

గప్పుడు జర పానం లేసొచ్చిందట. తలుపు నూకిండు.

మూలకు ఒక పాత డబ్బా టీవీ. దాని కింద సీడీలేసే మిషిని. టీవీ ముంగట కింద కూసోని ఒక ముసలామె. తెల్ల ఎంటికలు, ముసుగు. ఎనుకకు తిరగలే.

“వచ్చినవా... కూసో కొడుకా. సగం అయిపోయింది.”

గొంతు పొడిగున్నది. గాలి ఎక్కువ, మాట తక్కువ. ఎందుకు కూసున్నడో ఇప్పటికీ తెల్వదంటడు గని, నగేశ్ కూసున్నడు.

టీవీల ఎనుకటి దయ్యాల సిన్మా నడుస్తున్నది. ఇద్దరు దొంగలు పోలీసులకు బయపడి దయ్యాల బంగ్లాల దాసుకునే కత. అది తెల్వనోడు లేడు. దాని ముక్కలు ఇప్పటికీ ఫోన్లల్ల తిరుగుతయి. కింద జనం ‘గసొంటి కామెడీ మల్ల రాలేదు’, ‘నవ్వలేక కడుపు నొచ్చింది’ అని రాస్తరు. నగేశ్ గూడ ఎన్నిసార్లు చూసిండో.

“ఎట్లున్నది సిన్మా?” అన్నది ముసలామె.

“మస్తుంటది అవ్వా.”

“గట్లనా...”

గప్పుడే ఆ సీనొచ్చింది. మంత్రాల ముసల్దాన్ని ఊరోళ్లు పట్టుకొని పండ్లు పీకే సీను. దొంగ పటుకారు పట్టుకొని ఒక్కొక్క పన్ను లెక్కవెట్టుకుంట పీకుతుంటే, చుట్టు నిలవడ్డ ఊరంత పకపక నవ్వుతది. ముసల్ది ‘నన్నిడువుండ్రి బాంచెన్’ అని నోట్లెకెల్లి గాలి పోనిచ్చుకుంట మొత్తుకుంటది.

నగేశ్‌కు అలవాటు. అలవాటుకే... నవ్వొచ్చింది. చిన్న నవ్వు.

ముసలామె టీవీని అట్లనే ఆపింది.

“చూసినవా కొడుకా... గీ సిన్మాల అందరు రేడియోల చెప్పినట్టు మాట్లాడుతరు. దొంగలు గూడ. మంత్రాల ముసల్ది ఒక్కతే మన లెక్క మాట్లాడుతది. ఎందుకో?”

నగేశ్ టీవీ దిక్కే చూసిండు.

“నేను నెలకోపారి వస్త. ఇల్లు ఊడుస్త, దీపం పెడుత, గిది పెట్టుకొని చూస్త. నవ్వు యాడున్నదో ఎతుకుత. ఇన్నేండ్లాయె... దొరుకుత లేదు. నీకు దొరికింది గదా. జర నాకు చెప్పు.”

అని ఇటు తిరిగి, ముసుగు తీసి, నోరు తెరిచింది.

ముంగటి పండ్లు లేవు. పైన లేవు, కింద లేవు. ముసలితనానికి ఊడినట్టు గాదు — చిగుళ్లు చీరుకపోయి, వంకర్లు వోయి, మానిపోయిన పాత గాయం. పెదివి ఒక దిక్కు లోపటికి గుంజుకపోయింది.

“ఓదెమ్మను నేనే.”

నగేశ్ గోడకు ఒత్తుకున్నడు.

“దయ్యాన్ని గాదు. చెయ్యి పట్టి చూడు.”

చెయ్యి చాపింది. పట్టుకున్నడు. బొక్కల చెయ్యి. ఎచ్చగున్నది.

టీవీ ఎల్గుల ఆమె మెల్లమెల్లగ చెప్పింది. గప్పుడు సావుకారి కొత్తగ టీవీ, వీసీఆర్ తెచ్చిండు. గీ అర్రలనే ఊరంత కూసున్నది. ఓదెమ్మ గూడ వాకిట్ల నిలవడి చూసింది. మొగడు సచ్చిన మనిషి, ఒంటరి ఇల్లు. ఆ పండ్లు పీకే సీనుకు జనం నవ్వి నవ్వి, మల్ల ఎనుకకు తిప్పిచ్చుకొని మల్ల చూసిండ్రు. ఎవ్వడో నవ్వుకుంటనే ఆమె దిక్కు చూసి, ‘మన ఊర్ల గూడ ఒక్కతున్నది’ అన్నడు.

ఆ వారం వాడకట్టుల ఒక పోరనికి జరమొచ్చింది. దవాఖానకు తీస్కపోవుడు ఇడిసిపెట్టి ఆమె ఇంటి మీదికొచ్చిండ్రు. పండ్లు లేకపోతే మంత్రం పారదట!

“సిన్మాల లెక్కనే లెక్కవెట్టిండ్రు కొడుకా. ఒకటి... రెండు... అని. చుట్టు నిలవడి గట్లనే నవ్విండ్రు.”

నగేశ్‌కు తను నవ్విన నవ్వు ఇంక నోట్లనే ఉన్నట్టు, పాసిపోయిన కూర తిన్నట్టు రోతవుట్టింది.

“వనమాలమ్మ ఒక్కతే ఏడ్చింది. రాత్రికి రాత్రి నన్ను జనగామ పంపి, ఎనుక తను గూడ వచ్చి, సచ్చేదాంక ఇంట్లనే పెట్టుకున్నది. గీ ఇల్లు ఊడ్వమని ఎనుక తలుపు తాళంచెవి గప్పుడే నా చేతుల పెట్టింది. మీ ఊరోళ్ల మొకాలు చూడబుద్ధి గాదు. గందుకే చీకటైనంక వస్త, తొలి బస్సుకు పోత.”

“పటుకారు... ఎవరు పట్టిండ్రవ్వా?”

ఓదెమ్మ అతని మొకం దిక్కు చాన సేపు చూసింది. టీవీ బంద్ చేసింది. చీకట్ల ఆమె ఉమ్మిన సప్పుడు ఇనొచ్చింది.

“ఇంటికి పో కొడుకా. వాన పెద్దగైతది.”

నగేశ్ ఇల్లు చేరేసరికి రాజమల్లు తిని, మంచం మీద ఒరిగి సుట్ట తాగుతున్నడు. నగేశ్ తడి బట్టలు గూడ మార్వలే.

“బాపూ... ఎనుకట సావుకారి ఇంట్ల దయ్యాల సిన్మా ఆడిచ్చిండ్రట. చూసినవా?”

రాజమల్లు మొకం ఎలిగింది. లేసి కూసున్నడు.

“చూసినవా అంటవేందిరా! ఊరంత గదే ముచ్చట. ఆ పండ్లు పీకే కాడైతే... అబ్బబ్బ... నవ్వలేక సచ్చినం పో! ఇప్పుడేమొస్తున్నయిరా గసొంటి సిన్మాలు?” అని నవ్వి నవ్వి దగ్గిండు.

నగేశ్ ఆ దగ్గు ఆగేదాంక నిలవడ్డడు.

“ఓదెమ్మ బతికే ఉన్నది బాపూ. ఇప్పుడే చూసొచ్చిన. నాతోని మాట్లాడింది.”

సుట్ట చేతి వేళ్ల నడుమ కాలుతున్నది. రాజమల్లు దులపలే. వాకిట్లకు ఒకపారి చూసిండు... కొడుకు దిక్కు చూసిండు... గొంతు తగ్గిచ్చి, ఎవ్వరన్న ఇంటరేమో అన్నట్టు అడిగిండు —

“అది... నా పేరు చెప్పిందా?”