అత్తకు వినిపించిన గొంతు

జయంతి అప్పుడే పొయ్యి మీద నుంచి దించిన సాంబారు గిన్నెను సుబ్బులమ్మ మాటామంతీ లేకుండా తీసుకెళ్లి పెరట్లో పారబోసింది. ఆ వారంలో అది మూడోసారి.

చంద్రగిరిలో కోటకు వెళ్లే వీధిలో వాళ్ల ఇల్లు. సుబ్బులమ్మ కొడుకు ధనశేఖర్ తిరుపతి బస్సు డిపోలో మెకానిక్. జయంతి ఆ ఇంటికి కోడలిగా వచ్చి రెండేళ్లయింది. మొదటి ఏడాది అత్తాకోడళ్లు కబుర్లు చెప్పుకుంటూ చింతకాయలు కొట్టేవాళ్లు. ఎనిమిది నెలల నుంచి అత్త ఆమె ముఖం చూడటం మానేసింది. కోడలు వండింది ముట్టదు. వీధిలో శెట్టి అంగడి బన్నులు తిని బతుకుతోంది.

జయంతి గిన్నె కడగలేదు. లోపలికి వెళ్లి బట్టలు సంచిలో పెట్టుకుంది.

"మా నాయన దగ్గరికి పోతా. ఇంక నా వల్ల కాదు," అంది భర్తతో.

ధనశేఖర్ డిపోకు బయలుదేరబోతున్నవాడల్లా ఆగి తల్లివైపు తిరిగాడు. "ఈ పిల్ల నీకేం తక్కువ చేసిందిమా?"

"నన్నడుగుతావేందిరా? దాన్నడుగు. సచ్చిపో ముసిల్దానా, కూట్లో మందు పెట్టినా అని గోడ ఎనకాల నుంచి అంటానే ఉంటాది."

"నేనా? నేనెప్పుడన్నానత్తా?"

"ఇప్పుడు గూడా అంటా ఉండావు కదా."

జయంతి సంచి కింద పెట్టింది. కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. దగ్గరికి వచ్చి అత్త చేతిని పట్టుకుంది.

"నేను నోరు మూసుకుంటా. నీ చెయ్యి పెట్టి సూడత్తా."

మూసిన పెదవుల మీద ఆ చేతిని ఆనించి, కాసేపు అలాగే ఉండి, తర్వాత అడిగింది. "ఇప్పుడూ ఇనబడిందా?"

సుబ్బులమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. "నీ గొంతే జయంతీ. అచ్చం నీ గొంతే. నోరేమో కదల్లేదు. నాకేమైందమ్మే?" అంటూ కూలబడి ఏడ్చింది.

ఇన్నాళ్లూ అత్తది పగ అనుకుంది జయంతి. ఆ మనిషి రోజూ చావు భయంతో ఈ ఇంట్లోనే తిరిగిందని అప్పుడు అర్థమైంది. ఆమె పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

ఆ రోజే ముగ్గురూ తిరుపతిలో పెద్దాసుపత్రికి వెళ్లారు. రెండుమూడు సార్లు చూశాక డాక్టరమ్మ జబ్బు పేరు స్కిజోఫ్రీనియా అని చెప్పింది.

"మనం లోపల ఏదైనా అనుకుంటే, ఇది మన మాటేనని మెదడులో మాట పుట్టే చోటు నుంచి వినే చోటికి కబురు పోతుందంటారు. ఆ రెండింటి మధ్య దారి సరిగా పనిచేయకపోతే, మన మాటే పరాయి గొంతులా వినబడొచ్చు. దీని మీద ఇంకా పరిశోధన జరుగుతోంది. మందులతో మాత్రం చాలామందికి తగ్గుతుంది."

సుబ్బులమ్మ ముఖం పాలిపోయింది. "అంటే, నా కోడలు నన్ను సంపుతాదని నేనే అనుకున్నానా?"

"మీరు కావాలని అనుకున్నది కాదమ్మా. జబ్బు పుట్టించిన భయం అది. మీది గానీ, ఆమెది గానీ తప్పేమీ లేదు."

ఆ మాటతో జయంతి గుండెల మీద బరువు సగం దిగిపోయింది.

మొదటి నెల మందులకు సుబ్బులమ్మ మత్తుగా పడుకునేది. రెండో నెలలో గొంతు దూరంగా వినిపిస్తోందంది. నాలుగో నెల ఆసుపత్రికి వెళ్లి అత్తాకోడళ్లు బస్సులో తిరిగి వస్తున్నారు. కిటికీ పక్కన కునుకు తీస్తున్న సుబ్బులమ్మ ఉలిక్కిపడి లేచింది.

"ఏమన్నా అన్నావామ్మే?"

"అన్నానత్తా. ఊరొచ్చింది, లెయ్యి అన్నా."

సుబ్బులమ్మ కోడలి ముఖంలోకి చూసింది. చాలా కాలానికి ఆమె పెదవుల మీద చిన్న నవ్వు కనిపించింది.

"అయితే సరే. పొద్దున్నించీ ఆ గొంతు ఒక్కసారి గూడా ఇనబడలే," అని లేచి, దిగడానికి కోడలి భుజం పట్టుకుంది.