దీపం సీసాలో తగ్గిన నూనె

దీపం పెట్టబోతూ భద్రమ్మ నూనె సీసాను వెలుతురుకు ఎత్తి చూసింది. మళ్లీ తగ్గింది! ఇంకొకరైతే హడలిపోదురు. ఆమె ముఖం మాత్రం వెలిగింది.

"రాత్రి గూడ వచ్చినవా?" అంది మొగుడి ఫోటోతో. "వేపుళ్ల మీద నీ పాణం ఇంకా కొట్టుకుంటాందా?"

వరంగల్ బజార్లో బట్టల దుకాణం నడిపిన ఆమె భర్త సాంబయ్య 1981లో షుగర్ ముదిరి, కాలు పుండుపడి పోయాడు. వనస్పతి వంటంటే గొప్ప అనుకున్న రోజులు. పూరీలూ గారెలూ అందులోనే వేయించి కొసరి కొసరి పెట్టింది భద్రమ్మ. ఆయన పోయాక, "నా చేతులతోనే చంపుకున్న" అని ఏడ్చి, వంటింట్లో చుక్క నూనె లేకుండా చేసింది. మిగిలింది దీపానికి పోసే నువ్వుల నూనె ఒక్కటే.

కొడుకు రామలింగానికీ షుగర్ అని తేలాక ఆ పట్టు మరీ బిగిసింది. పాపం, చప్పిడి కూర గొంతు దిగక, అతను మజ్జిగ పోసుకుని అన్నం మీద అన్నం తినేవాడు. షుగర్ తగ్గితే ఒట్టు!

పెరట్లో పూలు కోసుకుని వచ్చేసరికి, కోడలు శకుంతల పొయ్యి మీది మూకుట్లోకి ఆ సీసానే వంచబోతోంది.

"ఎంత పని జేస్తివే! మొగణ్ణి పోగొట్టుకున్న, కొడుకును గూడ పోగొట్టుకోవాల్నా?"

"జర నా మాట ఇను అత్తమ్మా. మన ఒంట్ల తయారుగాని కొవ్వులు కొన్ని ఉంటయట, తిండితోనే రావాలెనని దవాఖానల డాక్టర్ చెప్పిండు. వనస్పతి వద్దుగాని, ఈ నూనె జరంత ఉండాలెనట. నూనె బంద్ జేసి అన్నం పెంచితే షుగర్ ఇంకా ఎక్కుతదన్నడు. నువ్వు ఒప్పుకోవని, నేనే రోజూ జరంత తీస్తున్న."

భద్రమ్మ కోపం ఎటు పోయిందో. గోడకు చేరగిలబడింది.

"రోజూ నువ్వేనా?"

"నేనే. తప్పయింది అత్తమ్మా."

"అయితే ఆయన రాలేదా, బిడ్డా? మరి ఇన్ని దినాలు నేను ఎవలతోని మాట్లాడిన?"

శకుంతల సీసా కింద పెట్టింది. అత్తను గట్టిగా పట్టుకుంది. "మామను నువ్వు చంపలేదు. ఒక్క వనస్పతితోనే పోయిండా? అప్పుడు మనకెవలకు ఎరుక? ప్రేమతోని, పావురంగ పెట్టినవ్, అంతే."

ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. అరుగు మీది నుంచి రామలింగం కేకేశాడు. "అమ్మా, దుకాణం తెరిచే యాళ్లయింది. అన్నం పెట్టు!"

భద్రమ్మ కళ్లు తుడుచుకుంది. సీసా తీసుకుని, మూకుట్లో చెంచాడు నూనె పోసింది. ఆవాలు చిటపటలాడాయి. పోపు పప్పులో కలిపి కోడలి చేతికిచ్చి, మిగిలిన నూనెతో ఫోటో ముందుకు వెళ్లి దీపం వెలిగించింది.

"నువ్వు రాకున్నా మంచిదే," అంది నెమ్మదిగా. "వీణ్ణి మాత్రం నీ దగ్గరికి పిలుచుకోకు."